అమ్మ అందుకోని రొట్టె

ఆ యేడు వరికోతలు మొదలైన దగ్గర్నుంచీ మా అమ్మ అక్కతో నా నోటిగుండానే మాట్లాడింది. ముగ్గురం ఒకే పొయ్యి చుట్టూ కూర్చుని తింటున్నా సరే, "లూ, మీ అక్కకి ఇంకాస్త అన్నం కావాలేమో అడుగు" అనేది. అక్క నా పక్కనే, చెయ్యి చాపితే అమ్మ మోకాలు తగిలేంత దగ్గర్లో ఉండేది. "చాలని చెప్పు" అనేది గిన్నెలోకి చూస్తూ. "చాలటమ్మా" అనేదాన్ని నేను. మొదట్లో నవ్వొచ్చేది. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివినదాన్ని నేనొక్కదాన్నే. ఆ చదువుకి నాకు దొరికిన మొదటి ఉద్యోగం మా సుమ్‌యాంగ్ ఊరి బడిలో పంతులమ్మది, రెండోది ఇది. కోతలకి బడి మూసేశారు గానీ ఈ రెండో ఉద్యోగానికి సెలవన్నది లేదు. కొన్నాళ్ళకి నవ్వు పోయింది. ఇద్దరి మాటలూ మోసి మోసి మెడ లాగేస్తున్నట్టుండేది.

అక్క పేరు కో పాన్. ప్రభుత్వ సైన్యంతో పోరాడే మా కొండల సైన్యంలో మూడేళ్ళు పనిచేసి, కోతలు మొదలవుతుండగా వచ్చింది. ఎడమ పిక్కలో ఇనపముక్క ఒకటి ఉండిపోవడంతో, ఇక కొండలెక్కే పనికి రాదని వాళ్ళే పంపించేశారు. ఎవరిదో సరుకుల లారీ గుడి మలుపు దగ్గర దించి పోతే, అక్కణ్ణుంచి కర్ర పట్టుకుని నడిచి వచ్చింది. అమ్మ అప్పుడు వసారాలో వెదురు చాప అల్లుతోంది. తలెత్తి చూసింది. చాప పక్కన పెట్టి లోపలికి వెళ్ళింది. నేను పరిగెత్తుకెళ్ళి అక్కని కావలించుకుని, సంచీ అందుకుని లోపలికి తీసుకొచ్చేసరికి అమ్మ పొయ్యి దగ్గర బియ్యం కడుగుతోంది. రోజూ పోసేదానికన్నా ఒక మనిషికి సరిపడా ఎక్కువ పోసింది. అమ్మ చెప్పిన స్వాగతం అదొక్కటే.

కారణం ఊరందరికీ తెలుసు. మా వైపు ఇంటికొకరు సైన్యానికి వెళ్ళాలి. మా ఇంటినుంచి వెళ్ళవలసింది మా అన్నయ్య గామ్ ఆంగ్. అప్పటికే అన్నయ్య సూదితో ఎక్కించుకునే తెల్ల మందుకి అలవాటుపడి, ఎముకల గూడులా తయారై ఉన్నాడు. సైన్యంలో మందు ముట్టనివ్వరు, వాడు బాగుపడతాడని నమ్మి అమ్మ ఉపవాసముండి, "వీణ్ణి నీకిచ్చేస్తున్నాను, నువ్వే బాగుచెయ్యి" అని దేవుడికి మొక్కుకుంది. ఆదివారం గుళ్ళో పాస్టరుగారి ఎదుట, అందరి ముందూ లేచి చెప్పింది కూడా. బట్టలు తనే మడతపెట్టి సంచీ సర్దింది. తెల్లవారి చూస్తే సంచీ లేదు, అక్క లేదు. అన్నయ్య పేరు బదులు తన పేరు రాయించుకుని వెళ్ళిపోయింది. మరుసటి వానల్లో అన్నయ్య పచ్చరాయి గనుల దగ్గర, మట్టిదిబ్బల పక్కన ఒక పాకలో, చేతికి సూది ఉండగానే పోయాడు. దేవుడికిచ్చినదాన్ని అక్క దేవుడి చేతిలోంచి లాక్కుందని అమ్మ నమ్మింది. వాడు పోయినా ఊళ్ళో అమ్మని ఇప్పటికీ "గామ్ వాళ్ళమ్మా" అనే పిలుస్తారు.

అక్క వంగి కొయ్యలేదు. నేనూ అమ్మా కోసి పడేస్తే తను గట్టుమీద కాలు చాపుకుని కూర్చుని పనలు కట్టేది. కట్టు మాత్రం గట్టిగా ఉండేది, విసిరేసినా విడేది కాదు. మధ్యాహ్నం అందరం నీడలో ఒరిగితే అక్క మాత్రం పాక గుంజకి వీపు ఆనించి, దారివైపు చూస్తూ కూర్చునేది. ఒకసారి పొయ్యిలో వెదురు కణుపు ఫట్టుమని పేలింది. నేను తల తిప్పేసరికి అక్క కూర్చున్న చోట లేదు. వాకిట్లో నేలకి కరుచుకుని ఉంది. అమ్మ చూసింది. ఆ రోజునుంచీ ప్రతి వెదురుముక్కా కణుపు చీల్చిగాని పొయ్యిలో పెట్టలేదు.

"ఏమే గామ్ వాళ్ళమ్మా," అంది రోయ్ జీ పిన్ని ఒకరోజు మా గట్టుమీద నిలబడి. మా పక్క పొలం వాళ్ళది, పక్క ఇల్లూ వాళ్ళదే. "పిల్ల ప్రాణాలతో ఇంటికొచ్చింది. కృతజ్ఞత కూటం పెట్టవా? మా పంది ఈనితేనే నేను పాస్టరుగారిని పిలిచాను."

"ఎన్ని పిల్లల్ని పెట్టింది?" అంది అమ్మ కోత ఆపకుండానే.

"తొమ్మిది."

"అయితే పిలవాల్సిందే."

పిన్ని అంతటితో వదిలే మనిషి కాదు. సాయంత్రానికల్లా పాస్టరు లా తోంగ్ గారే మా ఇంటికొచ్చి, శనివారం మధ్యాహ్నం పెట్టుకుందామని చెప్పి వెళ్ళారు. పాస్టరుగారి మాట అమ్మ కాదనదు. స్త్రీల సమాజానికి అమ్మే పెద్ద. ఎవరింట్లో కూటమైనా ముందు వరసలో కూర్చుని పాట ఎత్తేది తనే.

శనివారం మా ఇల్లు నిండిపోయింది. రెండు కోళ్ళు కోసి, అడవి ఆకులూ అల్లం వేసి ఉడికించాం. అన్నం ఆకుల్లో పొట్లాలు కట్టి బుట్టలకెత్తాం. అక్క శుభ్రమైన రవిక వేసుకుని తలుపు కనబడేలా మూలన కూర్చుంది. ముసలాళ్ళు వచ్చి ఒక్కొక్కరూ ఆమె తలమీద చెయ్యిపెట్టి, "బతికొచ్చావు తల్లీ" అన్నారు. ఆ చెయ్యి తగిలినప్పుడల్లా అక్క భుజాలు బిగుసుకోవడం నేను చూస్తూనే ఉన్నాను.

మా కూటాల్లో ఒక పద్ధతుంది. ఇంటిపెద్ద లేచి, దేనికి కృతజ్ఞత చెప్పుకుంటున్నామో అందరికీ వినబడేలా చెప్పాలి. అది చెప్పేదాకా పాట ఎత్తరు, ప్రార్థన చెయ్యరు, భోజనం పెట్టరు. నాన్న లేడు గనక మా ఇంటిపెద్ద అమ్మే. పాస్టరుగారు అమ్మవైపు చూసి తలూపారు.

అమ్మ లేచింది. చేతులు కట్టుకుంది.

"ఈ యేడు వరి బాగా పండింది," అంది. "వరదొచ్చి కింది మళ్ళన్నీ పోయినా మాది పోలేదు. ఆవు జబ్బుపడి లేచింది. లూకి బడిలో ఉద్యోగం ఖాయమైంది. దేవుడికి స్తోత్రం."

కూర్చుంది.

పాస్టరుగారు ఇంకేమైనా ఉందేమోనని ఆగారు. పొయ్యిమీద కుండ మూత చప్పుడొక్కటే వినబడుతోంది. అక్క తన చేతుల్లోకి చూసుకుంటూ, అలవాటైన వార్త విన్నట్టు కూర్చుంది. చివరికి పాస్టరుగారే గొంతు సవరించుకుని ఒక పాట ఎత్తారు. అందరూ కాస్త ఎక్కువ గట్టిగానే పాడారు.

భోజనాలయ్యాక వాకిట్లో చేతులు కడుక్కుంటూ రోయ్ జీ పిన్ని నా చెవి దగ్గరికొచ్చి, "మీ ఆవు కోసం రెండు కోళ్ళు తిన్నామన్నమాట," అంది. "చెప్పుంటే దానికి గడ్డి తెచ్చేదాన్ని కదే."

నేను నవ్వలేదు. పిన్ని కూడా ఆ తరువాత తలగుడ్డతో మొహం తుడుచుకుంటూ, "ఆ పిల్ల మొహం చూడలేకపోయానే లూ," అంది.

లోపల అక్క గిన్నెలు తోముతోంది. "అక్కా, అమ్మ మాట పట్టించుకోకు," అన్నాను.

"పట్టించుకోవడానికి ఏమంది? ఆవు లేచింది నిజమే కదా." గిన్నె బోర్లించి అంది, "నాకూ మేలే. నా పేరు చెప్పి స్తోత్రం అంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు."

ఆ మాట నాకప్పుడు అర్థం కాలేదు.

మర్నాడు నెలలో మొదటి ఆదివారం. మా గుళ్ళో ఆ రోజు ప్రభువు బల్ల, ఆయన చివరి విందు గుర్తుగా రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడం. రొట్టెముక్కలున్న పళ్ళెం వరసవెంట చేతులు మారుతూ వస్తుంది. ఎవరిమీదైనా పగ ఉన్నవాళ్ళూ, తాము తగమనుకున్నవాళ్ళూ ముక్క తీసుకోకుండా పక్కవాళ్ళకి అందిస్తారు. ఎవరూ ఏమీ అనరు. అందరూ చూస్తారు. అమ్మ మూడేళ్ళుగా తీసుకోవడం లేదు. మొదట్లో ఆడవాళ్ళు గుసగుసలాడారు, తరువాత మానేశారు. పాస్టరుగారు రెండుసార్లు ఇంటికొచ్చి మాట్లాడి చూశారు. "అబద్ధంగా తినమంటారా?" అని అమ్మ అడిగాక ఆ మాట మీద ఆయన మూడోసారి రాలేదు.

ఆ ఆదివారం అమ్మ, నేను, అక్క, అక్క పక్కన రోయ్ జీ పిన్ని వరసగా కూర్చున్నాం. పళ్ళెం వచ్చింది. అమ్మ ఎప్పటిలాగే రెండు చేతులా పట్టుకుని, కళ్ళు దించి, నాకు అందించింది. నేనొక ముక్క తీసుకుని అక్కకిచ్చాను. అక్క పళ్ళేన్ని ఒళ్ళో పెట్టుకుని కాసేపు చూసింది. చెయ్యి పైకి లేవబోయి ఆగింది. తీసుకోకుండానే పిన్నికి అందించేసింది.

అమ్మ మెడ తిరిగింది. నా మీదుగా అక్కని చూసింది. అక్క ఇంటికొచ్చాక అమ్మ ఆమె మొహంలోకి సూటిగా చూడటం నాకు తెలిసి అదే మొదలు. ఆ ఇద్దరి మధ్యా కూర్చుని ఆ చిన్న ముక్క నమలడం నాకెంత కష్టమైందో చెప్పలేను.

ఆ మర్నాడు కళ్ళంలో నూర్పు మొదలుపెట్టాం. దుంగకి అటూ ఇటూ నిలబడి పనలు కొడుతున్నాం. అక్క కూర్చుని రాలిన గింజలు దగ్గరికి ఊడుస్తోంది. ఎండ పెద్దగా లేదు గానీ ధూళికి ముగ్గురి మొహాలూ బూడిదరంగుకి తిరిగాయి. నా భుజాలు పట్టేశాయి.

"లూ," అంది అమ్మ. "నిన్న మీ అక్క రొట్టె ఎందుకు తీసుకోలేదో అడుగు."

నాకు ఒక్కసారిగా విసుగొచ్చింది. "నువ్వే అడుగమ్మా. నా చేతులు నొప్పిగా ఉన్నాయి."

"చేతులతో మాట్లాడతావా ఏంటి?"

"నోరు కూడా నొప్పిగానే ఉంది."

అమ్మ చేతిలో పన దించింది. అక్క చీపురు ఆపింది.

"ఎందుకు తీసుకోలేదు?" అంది అమ్మ. అక్కని కాదు, గింజల కుప్పని అడిగినట్టు అడిగింది.

"ఒకణ్ణి చంపానమ్మా," అంది అక్క.

"యుద్ధానికెళ్ళినవాళ్ళు..."

"అది కాదు. యుద్ధంలో ఎవరి గుండు ఎవరికి తగిలిందో తెలియదు. ఇది తెలుసు." అక్క చీపురు పుల్లలు సరిచేసుకుంటూ చెప్పింది. "వాగు దగ్గర కాపలా ఉన్నాను. అవతలివాడొకడు గిన్నె కడుక్కోవడానికి నీళ్ళలోకి దిగాడు. తుపాకీ ఒడ్డునే పెట్టేశాడు. వంగి ఇసుకతో గిన్నె తోముతున్నాడు. అడుగు తోమి, మళ్ళీ అంచులు తోమి, నీళ్ళు పోసి చూసుకుని, మళ్ళీ తోముతున్నాడు. వాళ్ళమ్మ నేర్పుంటుంది. వాడు పైకొచ్చేదాకా ఆగుంటే మా వాళ్ళు పోయేవాళ్ళు. నాకు తెలుసు. ఆగలేదు. గిన్నె మాత్రం చాలా దూరం కొట్టుకుపోయింది."

అక్క చీపురు పక్కన పెట్టి అరచెయ్యి తెరిచి చూపించింది.

"ఈ చేత్తో ఎలా తీసుకోనమ్మా? కూటంలో అందరూ తలమీద చేతులు పెట్టి బతికొచ్చావంటుంటే, ఇంకెవరి వాకిట్లోనో ఎవరూ రాలేదు కదా అనిపించింది. నువ్వు నా పేరెత్తనందుకు హాయిగా ఉంది."

"ఎవరు చెప్పారు నీకు?" అమ్మ గొంతు లేచింది. స్త్రీల సమాజంలో పాఠం చెప్పేటప్పటి గొంతు అది. "చేతులు శుభ్రంగా ఉన్నవాళ్ళకే ఆ బల్ల అని ఎవరు చెప్పారు? మొదటిరోజు దాని చుట్టూ కూర్చున్నది ఎవరనుకున్నావు? ఆయన్ని అమ్మేసినవాడున్నాడు. ఆయనెవరో నేనెరగనని ఒట్టుపెట్టుకున్నవాడున్నాడు. పట్టుకోవడానికొస్తే పారిపోయినవాళ్ళున్నారు. అందరి సంగతీ ఆయనకి తెలుసు. తెలిసే తుంచి పెట్టాడు. ఒక్కడి చేతిలోంచైనా లాక్కున్నాడా? లాక్కోలేదు. ఇచ్చేవాడు ఇస్తుంటే నేను తగనని అనడానికి నువ్వెవరు? ఆయన క్షమించానన్నదాన్ని పట్టుకుని కూర్చునే హక్కు ఎవరికి..."

అక్కడ ఆగిపోయింది. నోరు ఇంకా తెరిచే ఉంది. అక్క తలెత్తి అమ్మకేసి చూస్తోంది. ఆ చూపులో దెప్పిపొడుపు లేదు. అలసట ఒక్కటే ఉంది.

అమ్మ చేతిలో ఉన్న పన ఎత్తి దుంగకేసి కొట్టింది. మళ్ళీ కొట్టింది. అందులో గింజలెప్పుడో రాలిపోయాయి. ఉత్త గడ్డినే కొడుతోంది. నేను వెళ్ళి ఆ పన తీసేసుకుంటే దుంగమీద కూలబడింది.

"గామ్‌ని ఆయనకిచ్చేశాను," అంది. "నోరారా చెప్పాను. నువ్వు లాగేసుకున్నావు. నువ్వు వెళ్ళకుండా వాడే వెళ్ళుంటే బతికేవాడు."

"ఏమో అమ్మా," అంది అక్క. "బతికేవాడేమో. నాకు తెలీదు."

"మరెందుకు పోయావు?"

అక్క చీపురు మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. "నువ్వు సంచీ సర్దిన సాయంత్రం అన్నయ్య పశువుల పాకలో నా కాళ్ళు పట్టుకున్నాడు. నన్ను పంపనివ్వకే, అక్కడ కూడా మందు లేకుండా ఉండలేను, చేతిలో ఉన్న తుపాకీ అమ్మేస్తాను, మనవాళ్ళే నన్ను గోడకి నిలబెట్టి కాల్చేస్తారు అన్నాడు. వణికిపోతున్నాడు. ఏం చెయ్యను?"

"నాతో అనలేదు."

"నువ్వు గుళ్ళో లేచి చెప్పేశావు కదమ్మా, వీణ్ణి దేవుడికిచ్చానని. అందరూ స్తోత్రం అన్నారు. ఆ తరువాత నీతో ఎలా అంటాడు?"

"నువ్వైనా చెప్పుండొచ్చు."

"వాడు భయపడుతున్నాడని నీకు చెప్పడం కన్నా, నేను పోవడమే తేలికనిపించింది. పంతొమ్మిదేళ్ళు కదా అప్పుడు నాకు."

అమ్మ తలగుడ్డతో మొహం తుడుచుకుంది. ధూళి మీద తడి తగిలి మొహం నిండా చారలు పడ్డాయి. "భయపడ్డాడా?" అంది, నిజంగా తెలుసుకోవాలన్నట్టు.

"భయపడ్డాడమ్మా. బాగా."

"చిన్నప్పుడు ఉరుములకి కూడా నా దగ్గరికే వచ్చేవాడు," అంది అమ్మ. కాసేపు దుంగ మీది బెరడు గీకుతూ కూర్చుంది. తరువాత లేచి చేట అందుకుని తూర్పారబట్టడం మొదలుపెట్టింది. గాలి బాగా వీస్తోంది, ఆ గాలిని పోనిస్తే పని మర్నాటికి పడుతుంది. ముగ్గురం మళ్ళీ పనిలో పడ్డాం. ఎవరూ ఎవర్నీ కావలించుకోలేదు. సాయంత్రం ఇంటికెళ్ళేటప్పుడు అక్క కర్ర కళ్ళంలోనే మరిచిపోతే, అమ్మ వెనక్కి వెళ్ళి తెచ్చి ఆమె చేతికిచ్చింది. "ఎప్పుడూ ఏదో ఒకటి మరిచిపోతుంది," అని గొణిగింది. అంతే.

పొద్దున నేను లేచేసరికి అమ్మ మా ఆడవాళ్ళు గుడికి కట్టుకునే నేత లుంగీ కట్టుకుని, తల దువ్వుకుంటోంది. అక్క గోడవైపు తిరిగి ఇంకా పడుకునే ఉంది. ఇంటికొచ్చాక తెల్లవారినా లేవకుండా నిద్రపోవడం ఆ రోజే చూశాను.

"లేపనా?" అన్నాను.

"పడుకోనీ. నువ్వు నాతో రా," అంది అమ్మ.

"ఇవాళ ఆదివారం కాదు కదమ్మా?"

"నాకు తెలీదా?"

పాస్టరుగారు ఇంటి వెనక పందుల దొడ్లో ఉన్నారు. కుడితి బకెట్టు పట్టుకుని దగ్గుతున్నారు. అమ్మని ఆ లుంగీలో చూసి కంగారుపడ్డారు. "ఏమైందమ్మా? ఎవరైనా పోయారా?"

"ఎవరూ పోలేదు. బల్ల కావాలి," అంది అమ్మ.

"మొన్ననే కదమ్మా అయింది. మళ్ళీ వచ్చే నెల..."

"లేవలేనివాళ్ళకి మీరు ఇంటికొచ్చి ఇస్తారు కదా. పోయినేడు పెద్ద తాతకి ఇచ్చారు."

"ఇస్తాం. జబ్బుపడ్డవాళ్ళుంటే తప్పకుండా ఇస్తాం. ఎవరికి బాగోలేదు? కో పాన్ కాలు మళ్ళీ వాచిందా?"

"కాలు కాదు," అంది అమ్మ. "మా ఇంట్లో ఇద్దరికి బాగోలేదు."

పాస్టరుగారు నావైపు చూశారు. నేను బాగానే ఉన్నాను. మళ్ళీ అమ్మవైపు చూశారు. "ఇద్దరంటే... రెండోవాళ్ళు?"

"మీ ఎదురుగా నిలబడ్డాను కదండీ."

ఆయన బకెట్టు కిందపెట్టారు. మా అమ్మ మొహంలోకి చూశారు. ధూళి కడుక్కున్నా కళ్ళ కింద ఎర్రగానే ఉంది.

"ద్రాక్షరసం సీసా అడుగున కొంచెమే మిగిలిందమ్మా," అన్నారు.

"కొంచెం చాలండీ."

"చేతులు కడుక్కొస్తాను," అంటూ ఆయన ఇంట్లోకి నడిచారు. లోపల ఆయన భార్యని పిలిచి శుభ్రమైన చొక్కా అడగడం వినబడింది. పందులు మాత్రం ఊరుకోవడం లేదు, ఒకదానిమీద ఒకటి ఎక్కి అరుస్తున్నాయి. అమ్మ కాసేపు చూసి, గుడి లుంగీని మోకాళ్ళ పైకి దోపుకుని, బకెట్టు ఎత్తి కుడితి తొట్టిలో పోసింది.